క్రయోథెరపీ: మూడు నిమిషాల వైద్యం, మూడు రోజుల ఓడ

కిందటేడాది హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి ఉన్నప్పుడు నా కుడిచేతి మధ్యవేలికి పులిపిరి లేచింది. సరిగ్గా పెన్ను ఆనే చోట. మెయిన్స్ ఆన్సర్ రైటింగ్ సాధన చేస్తున్నవాళ్లకి ఆ కాస్త చర్మం విలువ వేరే చెప్పక్కర్లేదు. నాలుగు పేజీలు దాటేసరికి నొప్పి. రూమ్మేట్ సున్నం పెట్టమన్నాడు, పక్క రూమువాడు వెంట్రుక బిగించి కట్టమన్నాడు. చివరికి చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్తే, ఆయన ఫ్లాస్కు లాంటి డబ్బాలోంచి పొగలు కక్కే ద్రవాన్ని పులిపిరి మీద పది సెకన్లు పిచికారీ చేశారు. లిక్విడ్ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. చుర్రుమంది, తెల్లగా బిగుసుకుంది, కాసేపటికి ఎర్రబడింది. మర్నాటికి బొబ్బ, పది రోజులకి రాలిపోయింది. చూపించిన రోజే వైద్యం కూడా అయిపోయింది కాబట్టి మళ్లీ దాని గురించి ఆలోచించలేదు.

ఆలోచించాల్సి వచ్చింది ఇక్కడ, గోల్ ఘర్‌లోని మా ఇంట్లో. మా పెద్దమ్మ ఉత్తర అండమాన్‌లో ఉంటుంది. పెదనాన్నది వేట, ఆవిడది చేపల అమ్మకం. శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడికొచ్చిన చాలా కుటుంబాల బతుకే వాళ్లదీ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి విశాఖలో వైద్యం చేయించుకుని వచ్చి, చెకప్‌ల కోసం మా ఇంట్లో ఉంటోంది. ఆవిడ కాగితాలన్నీ తేదీల వారీగా సర్దే పని నాకు అప్పజెప్పారు. చదువుకున్నవాణ్ని కదా. ప్లాస్టిక్ కవర్ అడుగున, రేషన్ కార్డు జిరాక్సుల మధ్య, నాలుగు మడతల చీటీ ఒకటి దొరికింది. మూడేళ్ల కిందట వాళ్ల దగ్గర జరిగిన ఒక ఆరోగ్య శిబిరంలో ఇచ్చింది. వీఐఏ పరీక్ష పాజిటివ్, తదుపరి పరీక్షకు పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి అని రాసి ఉంది. (ఊరి పేరు 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. ప్రిలిమ్స్‌కి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మాత్రం మేమింకా పోర్ట్ బ్లెయిరే అంటాం.)

"మరి ఎందుకు రాలేదు పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకప్పుడు ఏటీ నేదు కదరా. నొప్పి నేదు, రగతం నేదు. ఒక రోజు రావడం, ఒక రోజు పోవడం, మద్దిన ఆసుపత్రి. నాలుగు రోజులు చేపలెవరమ్ముతారు?"

నా పులిపిరికీ, పెద్దమ్మ జబ్బుకీ కారణం ఒకే వైరస్ కుటుంబం: హ్యూమన్ పాపిలోమా వైరస్, హెచ్‌పీవీ. రకాలు వేరు. చేతి మీద పులిపిరి తెచ్చే రకాలు ప్రమాదం లేనివి, 16, 18 లాంటి రకాలు ముఖద్వారం దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోతే క్యాన్సర్‌కి దారితీస్తాయి. క్యాన్సర్‌గా మారకముందు దశకి ఉన్న వైద్యాల్లో ఒకటి కూడా నా వేలికి చేసిన లాంటిదే: గడ్డకట్టించి చంపడం. నా వేలికి అది పది సెకన్లలో అందింది. పెద్దమ్మకి చీటీ అందింది.

ఈ విషయం మగపిల్లాడు రాయడమేంటని మీలో ఎవరికైనా అనిపిస్తే ఒక మాట. రేపు కలెక్టర్‌గానో, డీఎస్పీగానో, ఎంపీడీఓగానో ఇలాంటి శిబిరానికి రిబ్బన్ కత్తిరించేది మనమే. అప్పుడు సిగ్గుపడి తల తిప్పుకుంటే కుదరదు.

ముందు ఈ వైద్యం ఎలా పనిచేస్తుందో చూద్దాం. నేను మెకానికల్ చదివాను కాబట్టి ఈ భాగం కాస్త ఎక్కువ రాస్తాను, ఓర్చుకోండి. సైన్స్ అండ్ టెక్నాలజీలో అడగడానికి అవకాశం ఉన్న అంశమే.

ఒత్తిడిలో ఉన్న వాయువు సన్నని రంధ్రం గుండా ఒక్కసారిగా బయటికొచ్చి వ్యాకోచిస్తే చల్లబడుతుంది. అణువుల మధ్య ఆకర్షణను దాటి దూరం జరగడానికి వాటి సొంత శక్తే ఖర్చవుతుంది. ఇదే జౌల్-థామ్సన్ ప్రభావం. అన్ని వాయువులూ ఇలా చేయవు. గది ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోజన్, హీలియం ఇలా వ్యాకోచిస్తే చల్లబడకపోగా వేడెక్కుతాయి. ఈ తేడానే వాడుకుని మూత్రపిండం, ప్రోస్టేట్ గడ్డల వైద్యంలో సూది లాంటి ప్రోబ్‌లోకి ఆర్గాన్ పంపి గడ్డకట్టిస్తారు, హీలియం పంపి కరిగిస్తారు. ముఖద్వారానికి వాడే పరికరం అంతకన్నా చాలా సాదా. ఒక సిలిండరు, ఒక గొట్టం, పిస్టల్ ఆకారంలో ఒక పిడి, చివర గుండ్రటి లోహపు మొన. సిలిండర్‌లో నైట్రస్ ఆక్సైడ్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 89 డిగ్రీలు కాబట్టి మొన దాదాపు అంత చల్లబడగలదు. కరెంటు అక్కర్లేదు.

చలికి కణం ఎలా చస్తుంది? మంచు ముందు కణాల బయట ఉన్న నీటిలో కడుతుంది. బయట నీరు తగ్గి లవణాలు చిక్కబడతాయి, ఆస్మోసిస్ వల్ల లోపలి నీరు బయటికి పోతుంది, కణం ముడుచుకుంటుంది. అంటే ఆవకాయకి ఉప్పు పట్టించినప్పుడు ముక్కకి జరిగేదే. చలి వేగంగా కమ్మితే నీరు బయటికి పోయేంత వ్యవధి ఉండదు, మంచు కణం లోపలే కట్టి పొరల్ని చీలుస్తుంది. అసలు నష్టంలో పెద్ద వాటా కరిగేటప్పుడు జరుగుతుంది. చిన్న చిన్న మంచు స్ఫటికాలు కలిసి పెద్దవవుతాయి, కరిగిన నీరు తిరిగి లోపలికి దూరి కణం ఉబ్బి పగులుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతిని గడ్డలు కట్టడంతో, మిగిలిన కణాలు కూడా రక్తం అందక తర్వాతి గంటల్లో చనిపోతాయి. అందుకే సూత్రం: వేగంగా గడ్డకట్టించు, నెమ్మదిగా కరగనివ్వు, మళ్లీ గడ్డకట్టించు. ముఖద్వారానికి మూడు నిమిషాలు గడ్డకట్టించి, ఐదు నిమిషాలు కరగనిచ్చి, మళ్లీ మూడు నిమిషాలు గడ్డకట్టిస్తారు. మత్తుమందు అక్కర్లేదు, చలే నరాల్ని మొద్దుబారుస్తుంది. కొద్దిగా కడుపునొప్పి, తర్వాత నాలుగు వారాలదాకా నీరులాంటి స్రావం, ఆ నెల భర్తకి దూరంగా ఉండాలి. కణాలు చచ్చినా వాటికి ఆధారంగా ఉండే కొల్లాజెన్ చట్రం చాలావరకు నిలుస్తుంది కాబట్టి పుండు పెద్ద మచ్చ లేకుండా మానుతుంది.

ఎవరికి పడితే వాళ్లకి చేయరు. మచ్చ ముఖద్వారంలో 75 శాతం కన్నా తక్కువ భాగంలో ఉండాలి, మొన దాన్ని పూర్తిగా కప్పాలి, లోపలి నాళంలోకి పాకకూడదు, క్యాన్సర్ అనుమానం ఉండకూడదు. క్యాన్సర్ వచ్చాక ఈ వైద్యం పనికిరాదు. అంటే ఒక కిటికీ తెరిచి ఉన్నంతసేపే దీని బలం. ఆ కిటికీ సాధారణంగా ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది. కానీ అన్నేళ్లూ ఆడమనిషికి ఒంట్లో ఏ ఇబ్బందీ ఉండదు. పెద్దమ్మ అన్నమాట అదే, "నాకప్పుడు ఏటీ నేదు కదరా".

చరిత్ర రెండు ముక్కల్లో: 1840ల చివర్లో ఇంగ్లండ్‌లో జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు పొడిచేసిన మంచులో ఉప్పు కలిపి, మైనస్ 20 డిగ్రీల చుట్టుపక్కలకి దించి, రొమ్ము, ముఖద్వార గడ్డల మీద వాడాడు. ఐస్‌క్రీం మరపట్టే పద్ధతే. 1961లో అమెరికాలో ఇర్వింగ్ కూపర్ లిక్విడ్ నైట్రోజన్ ప్రోబ్ తెచ్చాడు, అతను వాడింది పార్కిన్సన్స్ వ్యాధికి, మెదడులో. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట్ల పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాలో చిన్న గడ్డల్ని ఈ పద్ధతిలోనే గడ్డకట్టించి తీసేస్తారు. అంటే కొత్తదీ కాదు, మన దగ్గర లేనిదీ కాదు.

ఇప్పుడు అసలు విషయం. మహిళల ఆరోగ్యం మీద ప్రశ్న వస్తే మనం ఏం రాస్తాం? "ముందస్తు గుర్తింపుకు స్క్రీనింగ్ విస్తృతం చేయాలి." నేనూ రాశాను, కనీసం ఆరు జవాబుల్లో. కింద మార్కర్‌తో గీత కూడా గీశాను. ఆ వాక్యం సగమే అని నా వాదన. గుర్తించడానికీ వైద్యం చేయడానికీ మధ్య రెండో ప్రయాణం పెట్టిన ప్రతి పథకం పేదవాళ్లని ఆ ప్రయాణంలోనే పోగొట్టుకుంటుంది. అందుకే మొదటి రోజే, అక్కడే వైద్యం చేయగలిగే ఏర్పాటు ఉండాలి. లేనిచోట శిబిరం పెట్టేవాళ్లు ఆ రెండో ప్రయాణం బాధ్యతను తమ మీద వేసుకోవాలి.

దీనికి ఆధారం పక్క రాష్ట్రంలోనే ఉంది. 2000లో తమిళనాడు దిండిగల్ జిల్లాలో పెద్ద అధ్యయనం మొదలైంది. 30 నుంచి 59 ఏళ్ల వయసు మహిళల్లో 49 వేల మందికి పైగా వీఐఏ పరీక్ష పరిధిలోకి తెచ్చారు, దాదాపు 31 వేల మందిని పోలిక కోసం మామూలు వైద్య సేవలకే వదిలారు. వీఐఏ అంటే ముఖద్వారానికి పలచని వెనిగర్ లాంటి అసిటిక్ ఆమ్లం రాసి, నిమిషం ఆగి, తెల్లబడిన మచ్చ కోసం కంటితో చూడడం. ఆ పరీక్ష చేసింది శిక్షణ పొందిన నర్సులు. మచ్చ కనిపిస్తే అదే సందర్శనలో కాల్పోస్కోపీ, ముక్క తీయడం, తగిన కేసైతే క్రయోథెరపీ. అదీ నర్సులే. 2007లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం: వీఐఏ సమూహంలో క్యాన్సర్ 25 శాతం, మరణాలు 35 శాతం తక్కువ. జీవితంలో ఒక్క పరీక్ష, ఒక్క రోజు.

మీలో బాగా చదివేవాళ్లు ఇక్కడ ఉస్మానాబాద్ గుర్తుచేస్తారు. గుర్తుచేయాలి కూడా. మహారాష్ట్రలోని ఆ జిల్లాలో లక్షా 31 వేలకు పైగా మహిళలతో జరిగిన అధ్యయనంలో (2009) వీఐఏ వల్ల మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష వల్ల మాత్రం దాదాపు సగానికి తగ్గాయి. మన మేడ్చల్ ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో జరిగిన ఒక అధ్యయనంలోనూ వీఐఏ మచ్చల్ని పట్టుకోవడంలో మిగతా పరీక్షల కన్నా బాగా వెనకబడింది. మళ్లీ ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలతో వీఐఏ చేయిస్తే మరణాలు 31 శాతం తగ్గాయి (2014). పరీక్ష ఒకటే, ఫలితాలు మూడు రకాలు.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. వీఐఏ చూసే కన్ను మీద ఆధారపడిన పరీక్ష, అందుకే చోటుని బట్టి మారిపోతుంది. మంచి పరీక్ష హెచ్‌పీవీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు కూడా దాన్నే మొదటి పరీక్షగా పెట్టాయి, పైగా నమూనా మహిళే స్వయంగా తీసుకోవచ్చు. కానీ ఫలితం చూపించిన ప్రతి చోటా ఒక విషయం ఉమ్మడిగా ఉంది: పాజిటివ్ వచ్చిన మహిళని వైద్యం దాకా చేర్చే పని వదిలేయలేదు. దిండిగల్‌లో అదే రోజు చేశారు. ముంబయిలో ఆస్పత్రి ఊళ్లోనే ఉంది, వెంటపడి తీసుకెళ్లారు. మన జాతీయ కార్యక్రమం 2016 నుంచి 30 ఏళ్లు దాటిన మహిళలకి ఐదేళ్లకోసారి వీఐఏ అంటోంది, పాజిటివ్ అయితే పై ఆస్పత్రికి పంపడమే ప్రధాన మార్గంగా ఉంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నది దేశం మొత్తం మీద 1.9 శాతమే. ఈ అంకె మనందరి నోట్సులో ఉంటుంది. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి వైద్యం అందింది అన్న అంకె నా నోట్సులో లేదు, మీ నోట్సులో చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన 90-70-90 లక్ష్యాల్లో చివరి 90 అదే: జబ్బు ఉందని తేలినవాళ్లలో 90 శాతం మందికి వైద్యం. మనం మొదటి 90 టీకా అని, 70 స్క్రీనింగ్ అని రాసి, చివరి 90 దగ్గరికొచ్చేసరికి పదాల పరిమితి అయిపోయిందని ఆపేస్తాం. దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా ఈ క్యాన్సర్ వస్తోంది, 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. టీకా మా చెల్లెళ్ల తరాన్ని కాపాడుతుంది. ఇప్పటికే వైరస్ ఉన్న పెద్దమ్మల తరానికి అది మందు కాదు.

నా వాదనకి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. అదే రోజు వైద్యం అంటే, కొన్ని పద్ధతుల్లో బయాప్సీ ఫలితం రాకముందే చేసేయడం. వీఐఏ పాజిటివ్ వచ్చినవాళ్లలో చాలామందికి నిజానికి ప్రమాదకర మార్పు ఉండదు. వాళ్లకి అక్కర్లేని వైద్యం జరుగుతుంది. ఇంకోటి, పరీక్షకని వచ్చిన మనిషిని బల్ల మీద ఉండగానే "ఇప్పుడే చేసేద్దామా?" అని అడిగితే అది నిజమైన సమ్మతేనా? తెలుగువాళ్లం ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేం. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని నిలిపేశారు. కొందరు పిల్లల మరణాలకి టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చినా, సమ్మతి తీసుకున్న తీరుని తప్పుపట్టింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇంకా తీవ్రంగా మాట్లాడింది. ఆ తర్వాత టీకా మీద జనంలో పాతుకుపోయిన అనుమానం మనకి ఎన్నేళ్లు నష్టం చేసిందో ఆలోచించండి.

అభ్యంతరం సరైనదే, కానీ దానికి జవాబు రెండో ప్రయాణం పెట్టడం అని నేను ఒప్పుకోను. అక్కర్లేని క్రయోథెరపీ వల్ల ఒక మహిళకి నెల రోజుల స్రావం, కాస్త అసౌకర్యం. అందని క్రయోథెరపీ వల్ల ఇంకో మహిళకి రేడియేషన్, లేదా అంతకన్నా ఘోరం. రెండూ ఒకే తూకం కావు. హెచ్‌పీవీ పరీక్ష ముందు పెడితే అక్కర్లేనివాళ్ల సంఖ్య ఎలాగూ తగ్గుతుంది. సమ్మతి మాటకొస్తే, శిబిరానికి వారం ముందే ఆశా కార్యకర్త ఇంటికెళ్లి, మచ్చ కనిపిస్తే ఆ రోజే వైద్యం చేస్తారు, వద్దంటే చేయరు అని చెప్పి రావచ్చు. ఆలోచించుకోవడానికి వారం ఉంటుంది, ప్రయాణం మాత్రం ఒకటే. జీఎస్-4 కేస్ స్టడీలో స్వయంప్రతిపత్తి, శ్రేయస్సు అని రెండు పెట్టెలు గీసి బాణాలు వేస్తాం కదా, అక్కడ ఈ వారం ముందు ఇంటికెళ్లే ఆశా కార్యకర్తని పెట్టి చూడండి.

ఇక దీవుల సంగతి. ఇక్కడ నేను క్రయోథెరపీనే పట్టుకు వేలాడను. దాని బలహీనత సిలిండరు. బరువు, ఒత్తిడి, నిండుకుంటే మళ్లీ తెప్పించాలి. కాంప్‌బెల్ బే ఇక్కడి నుంచి 500 కిలోమీటర్ల పైమాటే, అండమాన్ నికోబార్‌లో మనుషులుండే దీవులు ముప్పై దాకా ఉన్నాయి. విశాఖ, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కే దాదాపు 1,200 కిలోమీటర్లు, ఓడకి రెండున్నర, మూడు రోజులు. సముద్రం బాగోకపోతే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయని ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. సిలిండర్ ఖాళీ అయిన క్రయో యంత్రం బీరువాలో పెట్టుకునే వస్తువు. దానికి మారుగా థర్మల్ అబ్లేషన్ ఉంది: 100 డిగ్రీలకి వేడెక్కిన మొనని 20-30 సెకన్లు ఆనించడం. చేతిలో ఇమిడే పరికరం, బ్యాటరీతో నడుస్తుంది, వాయువు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికీ మార్గదర్శకాలిచ్చింది. తమాషా ఏంటంటే 1960ల్లో జర్మన్ వైద్యుడు కుర్ట్ సెమ్ దీన్ని మొదలుపెట్టినప్పుడు పెట్టిన పేరు "కోల్డ్ కోయాగ్యులేషన్". నూరు డిగ్రీలకి చల్లన అని పేరు! ప్రిలిమ్స్‌లో ఇలాంటి పేర్లతోనే మనల్ని పడగొడతారు. మంచుతో చంపారా, వేడితో చంపారా అన్నది నాకు ముఖ్యం కాదు. పరికరం మనిషి దగ్గరికి వెళ్లగలదా అన్నది ముఖ్యం. ఫెర్రీలో ఒక నర్సు భుజాన సంచిలో పట్టే పరికరం ఉంటే, చీటీ రాసే పని తప్పుతుంది.

థర్మల్ అబ్లేషన్‌కీ తగని కేసులుంటాయి, పెద్ద మచ్చ, లోపలికి పాకినది, అనుమానం ఉన్నది. వాళ్లని పంపాల్సిందే. అప్పుడు చీటీతో పాటు టికెట్టు, తోడు వచ్చేవాళ్ల ఖర్చు, పోయిన రోజుల కూలి, తేదీ, ఫోన్ చేసి కనుక్కునే ఒక మనిషి కూడా శిబిరం లెక్కలోనే ఉండాలి. దాన్ని విడిగా "రిఫరల్" అని వేరే శాఖ ఖాతాలో వేయకూడదు. మీరు జీఎస్-2లో ఈ అంశం రాస్తే, దయచేసి "స్క్రీనింగ్ పెంచాలి" దగ్గర ఆగకండి. పాజిటివ్ వచ్చిన వందమందిలో తొంభై రోజుల్లో వైద్యం పూర్తయినవాళ్లెందరు అన్నదే జిల్లా పనితీరు సూచిక కావాలి అని రాయండి. ఒక్క వాక్యమే. పదాల పరిమితిలో పడుతుంది.

పెద్దమ్మ కాగితాల ఫైలు ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది, లక్ష్మీకాంత్ పక్కన. మొన్నటి చెకప్‌లో బాగానే ఉందన్నారు, మళ్లీ మూడు నెలలకి రమ్మన్నారు. ఆ తేదీ నా రివిజన్ క్యాలెండర్‌లో రాసుకున్నాను, ఉత్తర అండమాన్ నుంచి తనని తీసుకురావడం నా వంతు. మా అమ్మకి 47. తను ఇంతవరకు ఈ పరీక్ష చేయించుకోలేదని నాకు తెలిసింది కూడా ఆ చీటీ దొరికిన రోజే. అడిగితే "నాకేమైందిప్పుడు?" అంది. వంటింట్లోంచి పెద్దమ్మ గట్టిగా అరిచింది, "నానూ అదే అన్నానే" అని. అమ్మ ఏమీ మాట్లాడలేదు. సోమవారం ఇద్దరూ కలిసి వెళ్తున్నారు. నన్ను రావద్దన్నారు.